తీరంలో రాత్రి నడక... సున్నా కూడా రాయాల్సిందే!

నేను ఉండేది ఫిల్మ్‌నగర్‌లో. మా వీధిలో సగం మంది సినిమావాళ్లే. పక్క గదిలో ఉండే కుర్రాడు విజువల్ ఎఫెక్ట్స్ చేస్తాడు. గ్రీన్ మ్యాట్ ముందు హీరో నడుస్తుంటే వెనకాల సముద్రాన్ని పెట్టేస్తాడు. అలలు, ఇసుక, అవసరమైతే ఓ తాబేలు కూడా! నిజం సముద్రం మాత్రం ఇక్కడికి బస్సులో ఒక రాత్రి ప్రయాణం. ఆ ఒడ్డున ఏం జరుగుతోందో తెలియాలంటే ఏ సాఫ్ట్‌వేరూ సరిపోదు. ఎవరో ఒకరు కాళ్లీడ్చుకుంటూ నడవాలి. చూసింది చూసినట్టు రాయాలి.

ఆ నడిచేవాళ్ల గురించే ఈ వ్యాసం. కెరియర్ పేజీలో తాబేళ్ల గోల ఏంటి అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. డేటా అంటే ఏంటో, అది ఎలా పుడుతుందో, ఎక్కడ చెడిపోతుందో బీటెక్ నాలుగేళ్లలో నాకు అర్థం కాలేదు. ఈ తీరం దగ్గరే అర్థమైంది.

అసలేం జరిగింది?

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా చలికాలంలో మన తూర్పు తీరానికి వస్తాయి. గుంపులు గుంపులుగా ఒకేసారి గుడ్లు పెట్టేది ఒడిశాలోని గహీర్మాత, రుషికుల్య దగ్గర. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య తీరానికే దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయని అధికారులు లెక్క చెప్పారు. మన ఆంధ్ర తీరంలో అలాంటి జాతర ఉండదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అక్కడొకటి, ఇక్కడొకటిగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న శాక్రమెంటో దీవి, కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్, కృష్ణా ముఖద్వారం, విశాఖ తీరం... ఇవన్నీ వాటికి తెలిసిన చోట్లే.

2025 ఆరంభంలో ఈ తాబేళ్లు వార్తల్లోకి ఎక్కాయి. కానీ గుడ్లు పెట్టినందుకు కాదు, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినందుకు. చెన్నై తీరంలో వెయ్యికి పైగా కళేబరాలు కనిపించాయని వార్తలొచ్చాయి. కాకినాడ తీరంలోనూ అదే దృశ్యం. ఉప ముఖ్యమంత్రిగా అటవీ, పర్యావరణ శాఖలు చూస్తున్న పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. మా ఫిల్మ్‌నగర్ టీ కొట్టు దగ్గర ఆ రోజు చర్చంతా ఆయన ఆదేశం గురించే సాగింది. తాబేళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

విచారణ అనగానే మొదటి ప్రశ్న: ఎన్ని చనిపోయాయి? రెండోది: ఎక్కడెక్కడ? మూడోది: ఎందుకు? ఈ మూడింటికీ జవాబు ఆఫీసులో దొరకదు. తీరం వెంబడి నడిచి రాసిన నోట్‌బుక్‌లో దొరకాలి.

ఎందుకు చనిపోతున్నాయి?

తాబేలు నీళ్లలో బతుకుతుంది గానీ గాలి పీల్చేది మనలాగే ఊపిరితిత్తులతో. మధ్యమధ్యలో పైకి రావాల్సిందే. ట్రాల్ వలలో చిక్కి చాలాసేపు అడుగునే ఉండిపోతే ఊపిరాడక చనిపోతుంది. దీనికి ఇంజినీరింగ్ పరిష్కారం ఎప్పుడో ఉంది. టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్, పొట్టిగా టెడ్. వల మధ్యలో ఏటవాలుగా ఒక లోహపు జాలీ, దాని దగ్గర బయటికి ఒక దారి. రొయ్యలు, చిన్న చేపలు జాలీ సందుల్లోంచి వల చివరికి పోతాయి. తాబేలు జాలీకి తగిలి ఆ దారిలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని సీఐఎఫ్‌టీ మన బోట్లకు తగ్గట్టు దీన్ని రూపొందించింది. అయితే ఆ దారిలోంచి తాబేలుతో పాటు కొంత చేప కూడా పోతుందన్నది మత్స్యకారుల బాధ. డీజిల్ ఖర్చు పెట్టుకుని వెళ్లినవాడికి అది చిన్న బాధ కాదు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. టెడ్ వాడటం లేదన్న కారణంతో మన దేశంలో సముద్రంలో పట్టిన రొయ్యలను అమెరికా 2019 నుంచి కొనడం లేదు. చెరువుల్లో పెంచే రొయ్యలకు ఈ నిషేధం వర్తించదు కాబట్టి భీమవరం వైపు పెద్దగా చర్చ జరగలేదు. కానీ ఈ గొడవ పాతదే. అమెరికా పెట్టిన ఈ షరతు మీద భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లాయి. 1998లో అక్కడి అప్పీలు తీర్పు వచ్చింది. అంతర్జాతీయ వాణిజ్యం చదివేవాళ్లకు ఇది తప్పనిసరి పాఠం.

ఇంకో మెలిక చూడండి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి పెట్టింది. తాబేళ్లు తీరానికి దగ్గరగా తిరిగేది అంతకుముందే, చలికాలం నుంచి వేసవి మొదలు దాకా. అంటే 61 రోజుల నిషేధం వాటిని పెద్దగా కాపాడదు. వాటిని కాపాడాల్సింది వేరే నిబంధన: తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు. అది అమలవుతోందా లేదా? ఒడ్డుకొచ్చిన కళేబరాల తేదీలు, చోట్లు, ఆ రోజుల్లో బోట్ల కదలికలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. అలా పెట్టాలంటే ముందు ఆ తేదీలు ఎవరో రాసి ఉండాలి కదా!

నడక అంటే ఏంటి?

చెన్నైలో కాలేజీ విద్యార్థులు నడిపే సంస్థ ఒకటుంది, స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్. 1988 నుంచి ఏటా సీజన్‌లో రాత్రిళ్లు తీరం వెంట నడుస్తున్నారు. ఒక బ్యాచ్ ఉద్యోగాలకు వెళ్లిపోతే ఇంకో బ్యాచ్ అందుకుంటుంది. 2002లో మొదలైన ట్రీ ఫౌండేషన్ తమిళనాడుతో పాటు ఆంధ్ర తీరంలోనూ మత్స్యకార గ్రామాల యువకులతోనే కాపలా బృందాలు నడుపుతోంది. అటవీ శాఖ సీజన్‌లో హేచరీలు, అంటే గుడ్లను భద్రంగా పొదిగించే కంచె వేసిన ఇసుక స్థలాలు ఏర్పాటు చేస్తుంది.

పని చెప్పడానికి చాలా సింపుల్. అర్ధరాత్రి దాటాక నడక మొదలు. ఇసుక మీద తాబేలు పాకిన జాడ వెతకాలి. గూడు దొరికితే, అది కుక్కలకో నక్కలకో చిక్కే చోట ఉంటే, అనుమతి ఉన్న సిబ్బంది కొన్ని గంటల్లోనే గుడ్లను హేచరీకి మార్చాలి. ఆలస్యమైతే కదిలించడమే ప్రమాదం. ఒక్కో గూట్లో వంద, అటూ ఇటుగా గుడ్లుంటాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడా మగా అన్నది తేలుతుంది. వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ. అందుకే ఇసుక ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో అది చాలా విలువైన అంకె.

కళేబరం కనిపిస్తే తేదీ, జీపీఎస్, డిప్ప పొడవు, తోక చూసి ఆడా మగా, తాజాదా కుళ్లినదా, గాయాలున్నాయా, వల ముక్క ఏమైనా ఉందా... ఇవన్నీ నింపాలి. ఆ తర్వాత పెయింట్‌తో గుర్తు పెట్టాలి, లేదా పాతిపెట్టాలి. అదెందుకో నాకు అనుభవం మీద తెలిసింది.

నా తప్పు

రెండేళ్ల క్రితం స్నేహితుడి వెంట గోదావరి జిల్లా తీరానికి మూడు రాత్రులు వెళ్లాను. నా ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో పనిచేసే ఫారం ఒకటి తయారు చేసుకున్నాను. అక్కడ నెట్‌వర్క్ రాదు మరి. ఇంజినీరుని కదా, గర్వంగా ఉంది. రెండో రాత్రి ఓ కళేబరం దగ్గర కూర్చుని గబగబా వివరాలు నింపేస్తున్నాను. మాతో నడుస్తున్న పెద్దాయన, ఊళ్లో వేటకెళ్లే మనిషి, నెమ్మదిగా అన్నాడు: "బాబూ, దీన్ని నిన్ననే రాశాం గదా. మళ్లీ రాసేత్తన్నావేంటి?"

ఇసుక తుడిస్తే కింద పెయింట్ గుర్తు ఉంది. అల దాన్ని వంద అడుగులు పక్కకు జరిపింది. నా జీపీఎస్ కొత్త చోటు చూపించింది, నా ఫారం కొత్త నంబరు ఇచ్చింది. ఒకే తాబేలు, రెండు చావులు! నేను అలాగే ఇంకో పది రాసి ఉంటే? ఆ అంకె పేపర్లో వస్తే? తిట్లు పడేది ఆ పెద్దాయన ఊరివాళ్లకే. 'మీరే చంపారు' అని. యాప్ బాగానే పనిచేసింది. తప్పు చేసింది నేను.

అప్పటి నుంచి నా ఫారంలో మొదటి ప్రశ్న మారింది: 'పాత గుర్తు ఉందా? ఇసుక తుడిచి చూశావా?'

సున్నా విలువ

ఇంకో సంగతి. మూడో రాత్రి మాకు ఏమీ కనిపించలేదు. గూడు లేదు, కళేబరం లేదు. తిరిగొస్తూ 'ఇవాళ వేస్ట్ అయింది' అన్నాను. బృందంలో నోట్‌బుక్ రాసే అమ్మాయి మాత్రం తేదీ వేసి, ఎన్ని కిలోమీటర్లు నడిచామో, ఎన్ని గంటలు నడిచామో రాసి, ఎదురుగా మూడు సున్నాలు పెట్టింది.

సినిమాల్లో పనిచేసే మా వీధివాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. షూటింగ్‌లో రిపోర్టు రాసే అసిస్టెంట్ ఓకే అయిన టేకులే కాదు, ఎన్‌జీ టేకులూ రాస్తాడు. లేకపోతే ఎడిటింగ్ రూమ్‌లో ఏది ఎక్కడుందో తెలియదు.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ఒక ఊళ్లో 30 రాత్రులు నడిచి 60 కళేబరాలు రాశారు. పక్క ఊళ్లో 5 రాత్రులే నడిచి 20 రాశారు. వార్త రాసేవాడు మొదటి ఊళ్లో ఎక్కువ చనిపోయాయంటాడు. కానీ రాత్రికి ఎన్ని అని చూస్తే మొదటి ఊళ్లో 2, రెండో ఊళ్లో 4. అసలు సమస్య రెండో ఊళ్లో ఉంది! ఎంత వెతికాం అన్నది రాయకపోతే ఎంత దొరికింది అన్నదానికి అర్థం లేదు. ఏమీ దొరకని రాత్రులు రాయకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది. డేటా సైన్స్ కోర్సులో దీన్ని 'శాంప్లింగ్ బయాస్' అని ఒక స్లైడ్‌లో చెప్పి వదిలేశారు. ఇసుకలో నడిచాక మాత్రం మర్చిపోలేదు.

ఓపిగ్గా రాసిన చిన్న అంకె ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఉదాహరణ కూడా ఒకటుంది. 2021 మార్చిలో ఒడిశా తీరంలో జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు ఒక తాబేలుకు 03233 నంబరు ట్యాగ్ వేశారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కింది. దాదాపు 3,500 కిలోమీటర్లు! తూర్పు తీరం తాబేళ్లు, పశ్చిమ తీరం తాబేళ్లు వేర్వేరు అనుకునేవాళ్లకు అదొక కొత్త ప్రశ్న. రాత్రిపూట ఆ ఒడ్డున ఎవరూ లేకపోయినా, ఉన్నవాళ్లు నంబరు సరిగ్గా చూడకపోయినా ఈ సంగతి మనకు తెలిసేదే కాదు.

మన ఇంటి పక్కనే...

'సముద్రం దాకా వెళ్లలేం' అంటారా? అక్కర్లేదు. జూబ్లీహిల్స్ మధ్యలోనే కేబీఆర్ పార్కు ఉంది. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 2020లో వచ్చిన తుది నోటిఫికేషన్ ప్రకారం దాని చుట్టూ ఉన్న ఎకో సెన్సిటివ్ జోన్ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లే. ఎక్కువంటే 29.8 మీటర్లు. ఇప్పుడు చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రాజెక్టు. ట్రాఫిక్‌లో రోజూ చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కునేవాడిగా నాకు రోడ్డు బాధ తెలుసు. కానీ పనులకు ముందు పార్కు అంచున ఏ పక్షులున్నాయి, తర్వాత ఏవి మిగిలాయి అన్నది చెప్పాలంటే 'ముందు' డేటా కావాలి. పనులు మొదలయ్యాక దాన్ని వెనక్కి వెళ్లి తెచ్చుకోలేం.

కంచ గచ్చిబౌలి గుర్తుంది కదా. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేయమంది. అక్కడ ఉన్నది అడవా, ఖాళీ స్థలమా అన్న వాదన నడిచినప్పుడు బయటికొచ్చినవాటిలో విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్ల తరబడి రాసుకున్న జాబితాలు ఉన్నాయి. 200కు పైగా పక్షి జాతులు! రాసినవాళ్లెవరూ కోర్టు కేసు కోసం రాయలేదు. పొద్దున్నే లేచి చూశారు, రాశారు. అంతే.

2025 ఫిబ్రవరిలోనే హైదరాబాద్ బర్డ్ అట్లాస్ కూడా మొదలైంది. నగరాన్ని గళ్లుగా విభజించి, ప్రతి గడిలో చలికాలం, వానాకాలం రెండుసార్లు వాలంటీర్లు పక్షులను లెక్కిస్తారు. కేరళ ఇలాగే 2015 నుంచి 2020 దాకా రాష్ట్రం మొత్తానికీ అట్లాస్ చేసింది. అందమైన చోట్లకే కాకుండా, తనకు వచ్చిన గడికి వెళ్లడమే ఇందులో అసలు క్రమశిక్షణ. ఆ గడిలో డంపింగ్ యార్డు ఉన్నా సరే!

మరి ఉద్యోగం?

ఉన్నదున్నట్టు చెప్తాను. తాబేళ్ల నడకకు వెళ్లినందుకు ఏ కంపెనీ ఆఫర్ లెటర్ ఇవ్వదు. 'వైల్డ్‌లైఫ్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్' పేరుతో డబ్బులు అడిగేవాళ్లు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఈ రంగంలో ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు తాత్కాలికం. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువ. ఇంటి బాధ్యతలున్నవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

కానీ దారులు లేకపోలేదు. సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సమాచారం వెళ్లేది అక్కడి నుంచే. అత్తాపూర్ వైపు సీసీఎంబీ వారి లాకోన్స్ ఉంది. తూర్పు తీరం ఆలివ్ రిడ్లేల జన్యువులపై 2004లో వచ్చిన పరిశోధనలో సీసీఎంబీ శాస్త్రవేత్తలున్నారు. ఇలాంటి సంస్థలకు కంప్యూటర్స్, జీఐఎస్, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు కూడా కావాలి. యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు అర్హులే. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. చాలామంది ఆ బాక్స్ టిక్ చేయడమే మర్చిపోతారు.

ఇవేవీ వద్దు, డేటా అనలిస్ట్ ఉద్యోగమే కావాలన్నా ఈ పని ఇంటర్వ్యూలో పనికొస్తుంది. కాగిల్ నుంచి దించుకున్న టైటానిక్ డేటా ప్రాజెక్టు ప్రతి రెజ్యూమెలోనూ ఉంటుంది. 'ఫారం నేనే తయారు చేశాను, ఒకే కళేబరం రెండుసార్లు నమోదవుతోందని గమనించాను, దాన్ని ఇలా ఆపాను' అని చెప్పగలిగినవాడు వేరేగా కనిపిస్తాడు. ఎందుకంటే కంపెనీల్లో వచ్చేది కూడా ఇలాంటి మురికి డేటాయే. శుభ్రం చేసిన ఫైలు ఎవరూ చేతికివ్వరు.

మొదలుపెట్టే ముందు...

• ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్-1లో ఉంది. అనుమతి లేకుండా గుడ్లు, పిల్లలను ముట్టుకోవడం నేరం. అటవీ శాఖ లేదా వారితో పనిచేసే బృందం వెంట తప్ప ఒంటరిగా వెళ్లొద్దు.

• ఫ్లాష్, సెల్ఫీ వద్దు. వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు. పిల్లలు సముద్రం వైపు కాకుండా దీపాల వైపు నడుస్తాయి.

• ఊరివాళ్లను అడిగి నేర్చుకోండి. తీరం కాపలా చాలా ఊళ్లలో మత్స్యకార యువకులకు సీజన్‌లో దొరికే కాస్త ఆదాయం. ఉచితంగా చేస్తామంటూ వాళ్ల చోటు మీరు లాక్కోవద్దు.

• సముద్రం దూరమైతే క్యాంపస్ నుంచే మొదలుపెట్టండి. ఏటా ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌తో పాటు మన కాలేజీల్లో క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. ఈబర్డ్ యాప్ ఉచితం. 15 నిమిషాలు నిలబడి, గుర్తుపట్టిన పక్షులన్నీ రాయండి. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకండి.

• ఓడీకే, కోబో లాంటి ఆఫ్‌లైన్ ఫారం టూల్స్, క్యూజీఐఎస్ నేర్చుకోండి. అన్నీ ఉచితంగా దొరుకుతాయి.

చలికాలం రాగానే తాబేళ్లు మళ్లీ వస్తాయి. బోట్లూ వెళ్తాయి. కళేబరాలు కొట్టుకొస్తే మళ్లీ విచారణలు, చర్చలు. అప్పుడు మత్స్యకారుల మీద ఊరికే నింద పడకూడదన్నా, నిజంగా నిబంధన తప్పిన బోటును పట్టుకోవాలన్నా ఆధారం ఒక్కటే, ఎవరో నిద్ర మానుకుని రాసిన పేజీ. ఆ పేజీలో మీ చేతి రాత ఉంటే మంచిదే. ఏమీ కనిపించని రోజు కూడా తేదీ వేసి సున్నా పెట్టండి. పేజీ ఖాళీగా వదలకండి.